మేత వేయని సాగు

రొయ్యల చెరువు గట్టు ఎక్కనివాళ్ళు మన హాస్టల్లో తక్కువే. సెలవుల్లో కూలికి పోయి మేత బస్తాలు మోసినవాళ్ళకు తెలుసు, రైతు పెట్టుబడిలో సగందాకా ఆ బస్తాలకే పోతుందని. చెరువు తవ్వకుండా, గుప్పెడు మేత కూడా వేయకుండా సాగు చేస్తారని చదివినప్పుడు నేను మొదట నమ్మలేదు.

ఇంగ్లండు దక్షిణ తీరంలో, డెవాన్ దగ్గర లైమ్ బే అనే అఖాతం ఉంది. 2013లో ఒక కుటుంబ సంస్థ అక్కడ ఒడ్డుకు కొన్ని మైళ్ళ దూరాన మస్సెల్స్ పెంచడం మొదలుపెట్టింది. మస్సెల్ అంటే నీలి నలుపు చిప్పలుండే ఒక రకం ఆల్చిప్ప.

సముద్రం అడుగున లంగర్లు బిగించి, వాటి మధ్య పొడవైన మోకు కట్టి, తేలే డ్రమ్ముల సాయంతో దాన్ని నీటి పైభాగానికి కాస్త కిందుగా నిలుపుతారు. ఆ మోకు నుండి తాళ్ళు తోరణంలా లోపలికి వేలాడతాయి. విత్తనం కొనే పని కూడా లేదు. నీటిలో తిరిగే మస్సెల్ పిల్లలు తమంతట తామే వచ్చి, ఒంటి నుండి పట్టుదారం లాంటి పోగులు తీసి తాడును పట్టుకుంటాయి. నీటిని లోపలికి పీల్చి, కంటికి కనిపించని నాచు నలుసులను వడకట్టుకుని తింటాయి. పెద్ద మస్సెల్ ఒకటి గంటకు లీటరుకు పైగా నీటిని వడకడుతుంది. సుమారు ఏడాదిన్నరకు పంట చేతికొస్తుంది.

మరి అలలకూ తుఫాన్లకూ ఎదురొడ్డి అంత దూరం పోవడం ఎందుకు? అసలు సంగతి ఇక్కడే ఉంది. వడకట్టుకుని బతికే జీవి మంచీ చెడూ ఎంచలేదు. ఊరి మురుగు సముద్రంలో కలిస్తే అందులోని క్రిములూ దాని ఒంట్లోకే చేరతాయి. దూరం పోయేకొద్దీ మురుగు పలచబడుతుంది, చోటుకు పోటీ కూడా తగ్గుతుంది.

ఇంకో లాభం మొదట ఎవరూ అంతగా ఊహించి ఉండరు. ఇనుప పళ్ళ వలలు ఈడ్చి అక్కడి సముద్రపు అడుగు పాడై ఉంది. తాళ్ళ మధ్యకు ఆ పడవలు రాలేవు. రాలిపడిన చిప్పలు కింద పేరుకున్నాయి. ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ళ తరబడి కెమెరాలు దించి చూస్తే, పీతలు, లాబ్‌స్టర్లు వచ్చి చేరుతున్నట్టు తేలింది.

అమ్మకం మాత్రం నీటి పరీక్ష మీదే ఆధారపడుతుంది. ఎ తరగతి నీటిలో పెరిగినవి నేరుగా తినడానికి అమ్మవచ్చు. బి తరగతివి ముందు శుభ్రమైన నీటి తొట్లలో ఉంచి కడగాలి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుండి బయటికొచ్చాక, 2021 జనవరిలో, బి తరగతి నీటి చిప్పలను కడగకుండా ప్రాణంతో అక్కడికి పంపే దారి మూసుకుపోయింది. తాళ్ళకు పంట నిండుగా ఉండి కూడా ఎందరో పెంపకందారులు కొనేవాళ్ళు లేక నష్టపోయారు.