పన్ను మీద యంత్రం పెట్టిన గుర్తు: తుది మాట ఎవరిది?

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు గుర్తుకొస్తుంది. ఆ కర్మాగారంలో పని కోసం వెళ్లి, తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఆ నగరంలో అవధ్ దంతవైద్య కళాశాల కూడా ఉంది. అక్కడైనా హైదరాబాద్‌లోనైనా బీడీఎస్ విద్యార్థులకు ఇప్పుడొక కొత్త పాఠం అవసరమైంది. కృత్రిమ మేధ చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలి? దాన్ని రోగి మీద ఎలా వాడాలి?

పంటి ఎక్స్‌రేను చదివే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. వైద్యులు ముందే గుర్తులు పెట్టిన వేలాది ఎక్స్‌రేలను చూసి అవి నేర్చుకుంటాయి. కొత్త ఎక్స్‌రే ఇస్తే, పుచ్చు ఉందనుకున్న చోట రంగు గడి గీసి చూపిస్తాయి. పళ్ల సందుల్లో మొదలయ్యే పుచ్చు కంటికి సులువుగా దొరకదు కాబట్టి ఈ సాయం విలువైనదే.

అయితే చిన్న లెక్క వేసి చూద్దాం. 1,000 పళ్లలో 50 పుచ్చినవి అనుకుందాం. పుచ్చిన పళ్లలో 90 శాతాన్ని, మంచి పళ్లలోనూ 90 శాతాన్ని యంత్రం సరిగ్గా గుర్తిస్తుందనుకుందాం. అప్పుడు 45 పుచ్చులను పట్టుకుంటుంది. కానీ 950 మంచి పళ్లలో 95ని పుచ్చినవని చెబుతుంది. అంటే మొత్తం 140 హెచ్చరికల్లో 95 తప్పే! తొంభై శాతం కచ్చితత్వం అన్న మాట వెనుక ఇంత కథ ఉంటుంది.

ఇక్కడ తప్పు ఖరీదైనది. పంటి పైపొర ఎనామిల్‌ను ఒకసారి డ్రిల్ చేసి తీసేస్తే శరీరం దాన్ని మళ్లీ తయారు చేసుకోలేదు. పైగా తొలి దశ పుచ్చును చాలాసార్లు ఫ్లోరైడ్ పూతతోనే ఆపవచ్చు. అందుకే గుర్తు కనిపించగానే డ్రిల్ అందుకోవడం వైద్యం అనిపించుకోదు.

యంత్రం ఎవరి పళ్లను చూసి నేర్చుకుందన్నది మరో ప్రశ్న. నల్లగొండలోనూ, జార్ఖండ్‌లోని పలాములోనూ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరోసిస్ వల్ల పళ్లపై తెల్లని, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. అలాంటి పళ్లను ఎన్నడూ చూడని సాఫ్ట్‌వేర్‌కు ఫోన్‌తో తీసిన ఫొటో ఇస్తే, ఆ మచ్చలను పుచ్చుగా పొరబడే ప్రమాదం ఉంది.

గోప్యత సంగతీ ఉంది. సందేహం తీర్చుకోవడానికి రోగి ఎక్స్‌రేను చాట్‌బాట్‌లో పెట్టడం విద్యార్థికి క్షణంలో పని. పేరు చెరిపేస్తే చాలనుకోకూడదు. ప్రమాదాల్లో గుర్తుపట్టలేని మృతదేహాలను పంటి ఎక్స్‌రేల ద్వారా కూడా గుర్తిస్తారు. పళ్ల అమరికే మనిషి ఆనవాలు. అందుకే రోగి సమ్మతి తప్పనిసరి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతికే పెద్దపీట వేసింది.

ఆరోగ్యరంగంలో కృత్రిమ మేధ వాడకంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆరు సూత్రాలు ప్రకటించింది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో పది సూత్రాలతో మార్గదర్శకాలు ఇచ్చింది. జవాబుదారీతనం రెండింటిలోనూ ఉంది.

ఈ సూత్రాలను తరగతి గదిలో నేర్పడం కష్టమేమీ కాదు. ముందు విద్యార్థి స్వయంగా ఎక్స్‌రే చూసి, తన అభిప్రాయం కాగితంపై రాయాలి. ఆ తర్వాతే యంత్రం గుర్తులను తెరవాలి. రెండూ కలవని చోట అధ్యాపకులతో కలిసి కారణం వెతకాలి. యంత్రాన్ని ముందే చూస్తే మన కన్ను దాని వెంటే పోతుంది. ఈ క్రమం ఆ అలవాటును ఆపుతుంది. ఆపైన, యంత్రం సాయం తీసుకున్న సంగతిని రోగికి అర్థమయ్యే భాషలో చెప్పడం సాధన చేయాలి. జంషెడ్‌పూర్‌లో ఆ భాష హిందీ కావచ్చు, బెంగాలీ, సంతాలీ, తెలుగు కూడా కావచ్చు.

సాఫ్ట్‌వేర్ గుర్తు పెట్టగలదు. కానీ డ్రిల్ పట్టుకునేదీ, చికిత్స పత్రం మీద సంతకం చేసేదీ వైద్యులే. కాబట్టి ఆ గుర్తును తీర్పుగా కాక ప్రశ్నగా చూడటం వారు చదువుకునే రోజుల్లోనే అలవడాలి.