పొలం మట్టి నుంచి పెన్నా ముఖద్వారం వరకు : కోత, పూడికలపై మానవ చర్యల ప్రభావం

నది సముద్రంలో కలిసేచోట తీరం కోతకు గురైనా, ఇసుక మేటలు వేసి ముఖద్వారం మూసుకుపోయినా అందుకు కారణం సముద్రమేనని భావించడం సహజం. కాని ఆ కారణాలలో అనేకం తీరానికి వందల కిలోమీటర్ల ఎగువన, పొలాలలో, చెరువులలో, జలాశయాలలో ఉన్నాయి. కర్ణాటకలోని నంది కొండలలో జన్మించి, హిందూపురం ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, అనంతపురం, కడప సీమల మీదుగా సాగి, మొత్తం 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలిసే పెన్నా నది ఇందుకు చక్కని ఉదాహరణ.

పొలంలోనే ఆరంభం

అనంతపురం ప్రాంతపు సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన తక్కువైన చోట కోత కూడా తక్కువే ఉంటుందనుకోవడం పొరపాటు. ఇక్కడి వర్షంలో అధికభాగం కొద్దిపాటి పెద్ద జల్లులుగా కురుస్తుంది. పైరు గాని, గడ్డి గాని లేని నేలపై పడిన చినుకులు మట్టి రేణువులను విడదీస్తాయి. వాలు వెంట పారే నీరు వాటిని మోసుకుపోతుంది. లోతు తక్కువైన ఎర్రనేలలు ఈ నష్టాన్ని తట్టుకోలేవు. ముందుగా కొట్టుకుపోయేది సారవంతమైన మెత్తని మట్టి. మిగిలేది గరుసు, గులకరాళ్లు.

మానవ చర్యలు ఈ కోతను వేగవంతం చేస్తాయి. వాలు వెంట దున్నినప్పుడు చాళ్లే కాలువలవుతాయి. వేరుశనగను మొక్కతో సహా పెరికివేయడం వలన నేల వదులై, మొదళ్లు సైతం మిగలక ఏ ఆచ్ఛాదనా లేకుండా ఉంటుంది. గుట్టలపై చెట్లు నరకడం, మితిమీరిన పశువుల మేత కూడా ఇదే ఫలితాన్నిస్తాయి. వేదవతి నది పరీవాహకంలోని కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలలో గాలికి కొట్టుకువచ్చిన ఇసుక పొలాలపై మేటలు వేయడం ఈ సమస్యకు మరో రూపం.

చెరువులు, జలాశయాలలో పూడిక

ప్రవాహం నిలకడ నీటిలో చేరగానే వేగం కోల్పోతుంది. ముతక ఇసుక చెరువు ప్రవేశం వద్దనే దిగిపోగా, మెత్తని ఒండ్రు లోపలి వరకు వెళ్లి కట్ట చెంత పేరుకుంటుంది. పొలం మట్టిని కోల్పోతుంది, చెరువు నీటి చోటును కోల్పోతుంది. రైతుకు నష్టం రెండు విధాల.

అనంత ఆయకట్టుకు, తాగునీటికి ఆధారమైన తుంగభద్ర జలాశయం దీనికి పెద్ద నిదర్శనం. 1953లో నిర్మాణం పూర్తయిన నాటికి సుమారు 133 టి.ఎం.సి.లుగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వలన సుమారు 105.8 టి.ఎం.సి.లకు తగ్గింది. కర్ణాటక ఎగువ ప్రాంతాల నుంచి వచ్చిన మట్టి అది. లభ్యమైన నీటిని దామాషా పద్ధతిన పంచుతున్నందున ఆ లోటు ఎగువ కాలువ చివరి రైతు వరకు చేరుతోంది.

నదీముఖాన రెండు విపరీతాలు

నదీజలం, సముద్రజలం కలిసేచోట ఉప్పు ప్రభావంతో సన్నని బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కి అడుగుకు చేరుతాయి. అలలు తీరపు ఇసుకను ముఖద్వారానికి అడ్డంగా నెట్టుతాయి. వరద ఉద్ధృతంగా ఉంటే ఆ మేట తొలగిపోతుంది. ఎగువన నీటిని నిలిపివేసినపుడు ప్రవాహం బలహీనపడి మేట స్థిరపడుతుంది. పడవల రాకపోకలకు ఆటంకం కలుగుతుంది.

మరోవైపు, ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడంతో తీరానికి అందవలసిన మట్టి అందదు. 1960వ దశకం చివరలో కృష్ణా నది సముద్రానికి ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు చేర్చగా, 2000-2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయిందని పరిశోధకులు అంచనా వేశారు. ఆ డెల్టా తీరం కొన్నిచోట్ల కోతకు గురికావడానికి ఇది ఒక ప్రధాన కారణం. నదీగర్భంలో విచ్చలవిడిగా ఇసుక తవ్వడం ఈ లోటును ఇంకా పెంచుతుంది.

నివారణ మార్గాలు

పొలం మట్టి పొలంలోనే నిలవాలి. నది ఇసుక నదిలో సాగాలి. ఈ రెండింటికీ వేర్వేరు చర్యలు అవసరం. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేసి వాటిపై గడ్డి పెంచడం, వేరుశనగలో కందిని అంతరపంటగా వేయడం రైతు స్థాయిలో సాధ్యమైనవి. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకంలో జలసంరక్షణ, చెరువుల పూడికతీత పనులకు స్థానం కల్పించారు. చెరువు ఒండ్రును తిరిగి పొలాలకు తోలడం వలన రెండు నష్టాలూ కొంతవరకు పూడుతాయి. అయితే ఎగువన కోతను ఆపకుండా పూడిక మాత్రమే తీస్తే చెరువు మళ్లీ పూడిపోతుంది.

ఇసుక తవ్వకాలను క్రమబద్ధం చేసేందుకు 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, వృక్షాల చట్టం వీలు కల్పించింది. దాని అమలులో గ్రామస్తుల సహకారం ఎంతైనా అవసరం. అనంత రైతు గట్టున నిలిపిన మట్టి అతని పంటను కాపాడుతుంది, దిగువ చెరువును కాపాడుతుంది. నదిలో మిగిల్చిన ఇసుక తీరవాసులను కాపాడుతుంది.