మాట ఒప్పందముగా మారు తావు

వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు న్యాయశాస్త్రముతో తొలిపరిచయము సాధారణముగా 1872వ సంవత్సరపు భారత ఒప్పందాల చట్టముతోనే కలుగును. ఆ యేటి సెప్టెంబరు 1వ తేదీన అమలులోనికి వచ్చిన ఈ చట్టము, మొదట తనలో ఇమిడియుండిన సరకుల విక్రయ ప్రకరణమును 1930లోను, భాగస్వామ్య ప్రకరణమును 1932లోను ప్రత్యేక శాసనములకు విడిచిపెట్టినను, మూలసూత్రముల విషయమున నేటికిని దాదాపు చెక్కుచెదరక నిలిచియున్నది. దీనిని నిర్వచనముల వరుసగా కంఠస్థము చేయించుట మన కళాశాలలలో పరిపాటి. కాని ఆ నిర్వచనములలోని ఒక్కొక్క పదముపై ఎవరి జీవనాధారమో, ఎవరి ఆస్తియో ఆధారపడియున్నదని గ్రహించిననాడే విద్యార్థికి ఈ శాస్త్రమునందు రుచి పుట్టునని నా విశ్వాసము.

చట్టము దృష్టిలో ప్రతి వాగ్దానమును ఒప్పందము కాదు. భోజనమునకు రమ్మని పిలిచి, వేళకు ఇంట లేకుండ పోయిన మిత్రుడు నిందకు పాత్రుడగునే గాని అతనిపై దావా నడువదు. ఒక మాటను న్యాయస్థానము నిలబెట్టవలెనన్నచో, స్వేచ్ఛాసమ్మతియు, తగిన వయస్సును బుద్ధియు, శాసనవిరుద్ధము కాని ఉద్దేశ్యమును, ప్రతిఫలమును ఉండవలెనని 10వ సెక్షను చెప్పుచున్నది. వయస్సు సంగతి సులభమే: మైనరు చేసికొన్న ఒప్పందము మొదటినుండియు శూన్యమని 1903లో మోహరీ బీబీ వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలు తేల్చివేసినది. ప్రతిఫలమన్నది మాత్రము అంత సులభముగా చిక్కునది కాదు.

ఇంగ్లండులో 1861లో జరిగిన ట్వెడిల్ వ్యాజ్యమున, వధూవరుల తండ్రులిరువురును వరునకు చెరికొంత సొమ్ము ఇత్తుమని తమలో తాము వ్రాసికొనిరి. వధువు తండ్రి ఆ సొమ్ము చెల్లింపకయే మరణింపగా అల్లుడు దావా వేసెను. ప్రతిఫలము నీ చేతినుండి కదలలేదు గనుక నీకు హక్కు లేదని న్యాయస్థానము అతనిని వట్టిచేతులతో పంపివేసినది. అటుపిమ్మట ఇరువదియేండ్లకు, మద్రాసు హైకోర్టు ముందునకు చిన్నయ్య, రామయ్య అను పేర్లతో నేడు ప్రసిద్ధమైన వ్యాజ్యము వచ్చినది. ఒక వృద్ధురాలు తన భూములను కూతురికి దానపత్రము వ్రాసి యిచ్చుచు, తన తోడబుట్టినవారికి ఏటేటా 653 రూపాయలు చెల్లింపవలెనని అందు నియమము పెట్టెను. కూతురు ఆ దినముననే, అట్లే చెల్లింతునని వారికి వేరుగా దస్తావేజు వ్రాసి యిచ్చి, పిదప చెల్లించుట మానివేసెను. వారు తనకేమియు ఇయ్యలేదనియు, ప్రతిఫలము లేని మాట చెల్లదనియు ఆమె వాదము. ఇంగ్లీషు సూత్రమును ఉన్నదున్నట్లు పాటించినచో ఆమెయే గెలిచియుండెడిది.

కాని మన చట్టమును రచించినవారు 2వ సెక్షనులో ప్రతిఫలమును నిర్వచించుచు, వాగ్దానము చేసినవాని కోరికపై దానిని పొందినవాడు గాని, ‘ఇంకొకరెవరైనను’ గాని చేసిన కార్యము ప్రతిఫలమగునని వ్రాసియుండిరి. వృద్ధురాలు కూతురికిచ్చిన భూములే తోడబుట్టినవారి పక్షమున ప్రతిఫలముగా నిలిచినవి; దావా నెగ్గినది. ఇచట విద్యార్థులు తరచుగా పొరబడెడి విషయమొకటి గలదు. ఈ తీర్పు ప్రతిఫలము ఇయ్యనివానికి హక్కు కల్పించినదే గాని, ఒప్పందములో పాలులేనివానికి కాదు. కూతురు నేరుగా వారికే దస్తావేజు వ్రాసి యుండుటచేత వారు ఒప్పందమున పక్షస్థులైరి. పరాయివారు చేసికొన్న ఒప్పందముపై మూడవవాడు దావా వేయరాదన్న నియమము, కొన్ని మినహాయింపులతో, ఈ దేశమునను చెల్లుచునేయున్నది.

సమ్మతి విషయమున మద్రాసు హైకోర్టే 1917లో వినిన చిక్కము అమ్మిరాజు, చిక్కము శేషమ్మల వ్యాజ్యము ఇంతకంటె హృదయవిదారకమైనది. కొన్ని ఆస్తులపై తమకు గల హక్కును వదలుకొనుచు, తన సోదరుని పేర విడుదల దస్తావేజు వ్రాసి యియ్యనిచో ఆత్మహత్య చేసికొందునని ఒకడు భార్యను, కుమారుని బెదరించి వ్రాయించుకొనెను. శిక్షాస్మృతి నిషేధించిన కార్యమును చేసెదనని బెదరించుట 15వ సెక్షను ప్రకారము బలప్రయోగమగును. ఆత్మహత్య చేసికొన్నవానిని శిక్షించుట అసాధ్యమైనను, ఆ ప్రయత్నమును శిక్షించు చట్టము ఆ కార్యమును నిషేధించినట్లేయని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు భావించి, దస్తావేజును చెల్లకుండ చేయించుకొను హక్కు ఆ తల్లికి, కుమారునికి కలదనిరి. శిక్షలేని కార్యము నిషిద్ధమెట్లగునని జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ విభేదించెను. తర్కమున ఆయన పక్షము దుర్బలము కాదు. అయినను భర్త ప్రాణమును అడ్డుపెట్టి వ్రాయించుకొన్న చేవ్రాలును స్వేచ్ఛాసమ్మతి యనుటకు నా మనస్సు ఒప్పదు.

ఈ తీర్పును నేటి విద్యార్థి చదువునపుడు మరియొక ప్రశ్న వేసికొనవలసియున్నది. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందు ఆత్మహత్యాప్రయత్నము సాధారణ నేరముగా లేదు, ప్రభుత్వోద్యోగిపై ఒత్తిడి తెచ్చుటకై చేసిన ప్రయత్నము మాత్రమే శిక్షార్హము. కనుక 1917 నాటి తీర్పు ఆనుకొనియున్న నేల చాలవరకు కదలిపోయినది. నేడు అట్టి భార్య న్యాయస్థానమునకు వచ్చినచో, బలప్రయోగము కంటె 16వ సెక్షనులోని అనుచితప్రభావమును ఆశ్రయించుటయే ఆమెకు మేలని నాకు తోచును. అప్పుడామె తన ఇచ్ఛను అణచగల స్థితిలో భర్త యుండెననియు, ఆ స్థితిని ఆధారముగా గొని అతడు అన్యాయమైన లాభము పొందెననియు రుజువు చేయవలసియుండును.