మీకు తెలుసా? స్విచ్చిలోని ఉమ్మడి జాగా
నెట్‌వర్కు స్విచ్చిలో పోర్టులన్నింటికిని ఉమ్మడియైన బఫరు మెమరీని రద్దీ మిక్కుటమైన వరుస యొక్కటియే ఆక్రమించుకొన్నచో, తక్కిన పోర్టులకు పోవలసిన ప్యాకెట్లు నిలువ నీడలేక నశించును. దీనిని మాన్పుటకై బెల్ ల్యాబ్స్ పరిశోధకులు అభిజిత్ చౌధురి, ఎలెన్ హాన్ 1998లో తమ వ్యాసమున వివరించిన సూత్రము మిక్కిలి సరళమైనది: ఆ క్షణమున మిగిలియున్న ఖాళీని ఒక నియత గుణకముచే హెచ్చింపగా వచ్చు మేరను ఏ వరుసయు మించరాదు. గుణకము 1 అయినచో, రద్దీగల వరుస ఒక్కటియే యున్నపుడు దానికి మెమరీలో సగము, రెండున్నపుడు ఒక్కొక్కదానికి మూడవవంతు దక్కును. శేషము బుద్ధిపూర్వకముగనే ఖాళీగా నుండును. లోభికిది దుబారాగ దోచవచ్చును గాని, అప్పటివరకు నిద్రాణమైయున్న వరుసపైకి ప్యాకెట్లు హఠాత్తుగ వచ్చిపడినపుడు, తక్కినవి తగ్గువరకు వానికి ఆశ్రయమిచ్చునది ఆ ఖాళీయే.