రక్తనాళ సంకోచం: ప్రోటీన్లపై చక్కెర ముద్ర

మధుమేహంలో రక్తనాళాలు బిగుసుకోవడానికి గల కారణాలలో ఓ-గ్లిక్‌నాక్ చర్య ఒకటి. కణంలోకి చేరిన గ్లూకోజులో సుమారు 2 నుండి 5 శాతం హెక్సోసమైన్ మార్గంలో ప్రవేశిస్తుంది. అక్కడ తయారైన చక్కెర అణువును ఓజీటీ అనే ఎంజైము ప్రోటీన్లలోని సెరీన్, థ్రియోనీన్‌లకు జోడిస్తుంది; ఓజీఏ అనే ఎంజైము దానిని తొలగిస్తుంది. ఈ మార్పును 1984లో టోరెస్, హార్ట్ వెల్లడించారు. హిమోగ్లోబిన్ ఏ1సీ ఎంజైము ప్రమేయం లేకుండా ఏర్పడుతుంది. ఇది అటువంటిది కాదు.

ఫాస్ఫేటు చేరవలసిన చోట చక్కెర చేరితే ప్రోటీను పనితీరే మారుతుంది. రక్తనాళపు లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడును తయారుచేసే ఎంజైము చైతన్యవంతం కావాలంటే దాని 1177వ సెరీన్‌పై ఫాస్ఫేటు చేరాలి. చక్కెర దీనికి అడ్డుపడితే నైట్రిక్ ఆక్సైడు తగ్గి, నాళం సడలే శక్తి క్షీణిస్తుంది.

నునుపు కండరంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఓజీఏను నిరోధించిన ఎలుకల బృహద్ధమనిలో ఫినైలెఫ్రిన్‌కు సంకోచం పెరిగింది, ఎసిటైల్‌కోలిన్‌కు సడలింపు తగ్గింది. ఇందులో రో-కైనేజ్ మార్గానికి పాత్ర ఉంది. ఆ కైనేజ్ మయోసిన్ ఫాస్ఫటేజును అణచడం వల్ల సంకోచం నిలిచి ఉంటుంది.

అయితే ఈ చర్యను పూర్తిగా హానికరమని భావించరాదు. ధమని గాయపడిన జంతువులలో దీని తాత్కాలిక పెరుగుదల వాపును తగ్గించింది. దీర్ఘకాలిక పెరుగుదలే నాళాలకు చేటు. కనుక చికిత్సా లక్ష్యం ఈ చర్యను నిర్మూలించడం కాదు, దానిని సమతుల్యంలో ఉంచడం.