మత్తుమందు భద్రత: హైదరాబాదు పరిశోధన నేర్పిన పాఠం

తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతపు గ్రామాలలో శస్త్రచికిత్స అనగానే కత్తికన్నా మత్తుమందుకు జంకేవారు ఉన్నారు. మళ్లీ కళ్లు తెరుస్తామో లేదో అన్న ఆ భయానికి చరిత్రలో కారణం లేకపోలేదు. 1848లో ఇంగ్లండులో కాలిగోరు తీయించుకోవడానికి సిద్ధమైన హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాలకే మరణించింది.

క్లోరోఫాం ముందుగా శ్వాసను ఆపుతుందా, గుండెను ఆపుతుందా అన్న వివాదం దశాబ్దాలు సాగింది. దానిని తేల్చడానికి పూనుకున్నది మన హైదరాబాదే. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోనూ 1889లోనూ రెండు కమిషన్లు జంతువులపై ప్రయోగాలు జరిపాయి. రెండవ కమిషన్‌లో పాల్గొనేందుకు లండనులోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను పంపింది. శ్వాసే ముందు ఆగుతుందనీ, దానిని గమనిస్తే చాలుననీ కమిషన్ తేల్చింది.

అది సగం సత్యమే. తక్కువ మోతాదులో సైతం గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో ఎ.జి. లెవీ ప్రయోగాలు చూపాయి. అందువల్లనే నేడు మత్తువైద్యుడు శ్వాసను, గుండె లయను, రక్తపోటును, రక్తంలోని ప్రాణవాయువును ఏకకాలంలో కనిపెట్టి ఉంటాడు. వేలికి తొడిగే పల్స్ ఆక్సిమీటర్ ఇందుకొక సాధనం. క్లోరోఫాం వాడుక ఏనాడో పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సకు భద్రతా పట్టికను రూపొందించింది. ఢిల్లీతో సహా 8 నగరాలలో దానిని పరీక్షించగా, మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడైంది.

రోగి వంతు బాధ్యత కూడా ఉంది. మత్తులో గొంతుకు సహజంగా ఉండే రక్షణ సడలుతుంది. కడుపులోని ఆహారం పైకి ఎగదన్ని ఊపిరితిత్తులలోకి జారితే ప్రాణాపాయం. అందుకే సాధారణంగా తేలికపాటి ఆహారం 6 గంటల ముందే, మంచినీరు 2 గంటల ముందే ఆపమంటారు. పాలు కలిపిన టీ కూడా ఆహారం కిందికే వస్తుంది. ఆకలికి తాళలేడని పసివాడికి చాటుగా బిస్కెట్టు పెట్టడం ప్రేమ కాదు, ప్రమాదం. ఒకవేళ తిని ఉంటే దాచకుండా చెప్పాలి. చికిత్స కొన్ని గంటలు వాయిదా పడుతుంది, అంతే.

ఉబ్బసం, మధుమేహం, వాడుతున్న మందులు, బీడీ, మద్యం అలవాట్లు, కదిలే పళ్లు, కట్టుడు పళ్లు, మునుపు మత్తుమందు పడకపోవడం, ఇవన్నీ ముందుగా తెలుపవలసినవే. తమిళంలో అడిగిన ప్రశ్నగాని, సంతకం కోరిన పత్రంగాని అర్థం కాకుంటే తలూపి ఊరుకోరాదు. వివరించమని అడగడం రోగి హక్కు.