అమ్మమ్మకు ఉత్తరం: పిల్లలకు ఎలా నేర్పాలి

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ బడుల్లో చదివే మన పిల్లలకు ఉత్తరం రాయడం కొత్తేమీ కాదు. కాకపోతే వాళ్లు నేర్చుకునేది పరీక్ష కోసం. సీబీఎస్‌ఈ పదో తరగతి హిందీ-ఏ పేపర్లో దాదాపు 100 మాటల్లో ఒక లేఖ రాస్తే 5 మార్కులు. పంపేవారి చిరునామా దగ్గర ‘పరీక్షా భవన్’ అనీ, పేరు దగ్గర ‘క.ఖ.గ.’ అనీ రాయడం అక్కడి ఆనవాయితీ. పేరు లేని పిల్లవాడు, ఎక్కడా లేని తమ్ముడికి సమయం విలువ బోధిస్తాడు. తేదీ, సంబోధన, ముగింపు అన్నీ ఉన్న చోటే ఉంటాయి. చదివే మనిషే ఉండరు.

అందుకని ఇంట్లో నేర్పేటప్పుడు నమూనా పక్కన పెట్టి, ముందు మనిషిని ఎంచుకోవాలి. గుంటూరులో అమ్మమ్మ కావచ్చు, వరంగల్‌లో బాబాయి కొడుకు కావచ్చు, బదిలీ అయిన నాన్నతో ఊరు మారిపోయిన స్నేహితురాలు కావచ్చు. ఎవరికో తేలగానే పిల్లల్ని రెండు ప్రశ్నలు అడగండి. ఆవిడకు ఇంకా తెలియనిదేమిటి? నువ్వు ఎదురుగా ఉంటే ఆవిడ మొదట ఏమడుగుతుంది? ‘మా బడి వార్షికోత్సవం ఘనంగా జరిగింది’ అన్న వాక్యం ఈ రెండింటిలో దేనికీ జవాబు కాదు. నవంబరులో పొగ కమ్మి బడి మూసేస్తే, ఆ వారం ఎలా గడిచిందో అమ్మమ్మకు నిజంగా తెలియదు. ‘కిటికీలోంచి ఎదురు బిల్డింగు కనపడలేదు, అమ్మ పాలు తేవడానికి కూడా మాస్కు పెట్టుకుని వెళ్లింది, నేను మంచం మీద కూర్చునే లెక్కల క్లాసు విన్నాను’ అని రాస్తే ఆవిడ ఆ ఇంటిని చూడగలుగుతుంది. చిన్న పిల్లలకు ఈ మూడు ముక్కలూ చాలు.

ఇక సంబోధన. పాఠ్యపుస్తకం ‘పూజ్యులైన అమ్మమ్మగారికి’ అని మొదలుపెట్టి ‘మీరు’ అనిపిస్తుంది. చాలా ఇళ్లలో పిల్లలు అమ్మమ్మను ‘నువ్వు’ అనీ, తాతయ్యను ‘మీరు’ అనీ అంటారు. నోటితో ఎలా పిలుస్తారో ఉత్తరంలోనూ అలాగే పిలవనివ్వాలని నా గట్టి అభిప్రాయం. అలా పిలిస్తే గౌరవం తగ్గదు. పిలుపు మార్చేస్తే మాత్రం పిల్లల గొంతు పోతుంది.

‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను’ అన్న పాత ఎత్తుగడను తీసిపారేయక్కర్లేదు. దూరాన ఉన్నవాళ్ల సంగతి ఉత్తరం వస్తే తప్ప తెలియని రోజుల్లో, కార్డు చేతికి రాగానే గుండె దడదడలాడేది. చదువురాని వాళ్లు పోస్ట్‌మ్యాన్ చేతే చదివించుకునేవారు. మొదటి ముక్కలోనే అందరూ బాగున్నారని తెలిస్తే మిగతాది నెమ్మదిగా వినవచ్చు. ఇవాళ ఆ పని ఫోను చేస్తోంది. కాబట్టి ఎందుకు అలా రాసేవారో పిల్లలకు చెప్పండి. ఆ వాక్యం ఉండాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.

ఇంటి ఉత్తరం ఎంత దూరం వెళ్లగలదో చూపించడానికి మంచి ఉదాహరణ నెహ్రూ. 1928 వేసవిలో పదేళ్ల ఇందిర ముస్సోరిలో ఉంటే, ఆయన అలహాబాదు నుంచి ఆమెకు 30 ఉత్తరాలు రాశారు. 1929లో అవి పుస్తకంగా వచ్చాయి, హిందీలోకి ప్రేమ్‌చంద్ తెచ్చారు. భూమి పుట్టుక, రాళ్లు, తొలి మనుషులు వాటిలోని విషయాలు. అయినా అవి పాఠాల్లా ఉండవు. పక్కన ఉంటే కూతురు ఏమడుగుతుందో తెలిసిన తండ్రి, దూరం నుంచి జవాబు చెబుతున్నట్టే సాగుతాయి.

తెలుగులో రాయించడం ఇక్కడ అసలు కష్టం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో 1948లో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీకి దీన్ దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లో, జనక్‌పురిలో, ప్రసాద్ నగర్‌లో, పుష్ప్ విహార్‌లో బడులున్నాయి. అక్కడి పిల్లలకు తెలుగు అక్షరాలు అందుతున్నాయి. ఆ బడుల బయట పెరిగే మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికి తెలుసు, చేతికి తెలియదు. అలాంటి వాళ్లు చెబుతూ ఉంటే పెద్దవాళ్లు రాసిపెట్టి, సంతకమూ ఒక వాక్యమూ వాళ్ల చేత రాయించవచ్చు. మరుసటి ఉత్తరానికి రెండు వాక్యాలు. మధ్యలో ‘ఛుట్టీ’ లాంటి హిందీ మాట దొర్లితే దొర్లనివ్వండి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుపోయినా, పోస్టులో వేయబోయే ఉత్తరం మీద ఎర్ర సిరా పెట్టకండి. ఆ తప్పులు తర్వాత మరో కాగితం మీద నేర్పవచ్చు.

చిరునామా ఒక్కటి మాత్రం తప్పు లేకుండా ఉండాలి. ఉత్తరం ముందు చేరేది ఢిల్లీ సార్టింగుకు, అక్కడ తెలుగు చదివేవాళ్లు దొరకకపోవచ్చు. ఊరు, జిల్లా, రాష్ట్రం ఇంగ్లీషులోనో హిందీలోనో రాయించండి. 1972 ఆగస్టు 15 నుంచి వాడుకలో ఉన్న పిన్ కోడ్ ఇక్కడే ఒక ఆటవుతుంది. ఢిల్లీ 11తో, గురుగ్రామ్ 12తో, నోయిడా 20తో మొదలైతే తెలంగాణ 50తో, ఆంధ్రప్రదేశ్ 51 నుంచి 53 వరకు అంకెలతో మొదలవుతాయి. పక్కపక్క ఊళ్లయినా ఢిల్లీ, నోయిడా అంకెలు ఎందుకు వేరో పిల్లలే కనిపెడతారు. 50 పైసల కార్డు ఆరేడేళ్ల పిల్లలకు సరిపోతుంది. కొంచెం పెద్దవాళ్లకు రెండున్నర రూపాయల ఇన్‌ల్యాండ్ లెటర్ కొనివ్వండి. దాన్ని మడిచి అంటించడం కూడా వాళ్లే చేయాలి. రాయడం మీద ఇష్టం కుదిరాక తపాలా శాఖ ‘ఢాయీ ఆఖర్’ పోటీ ఉంది. 2017లో మొదలైన ఆ పోటీలో తెలుగులోనూ రాయవచ్చు, 18 ఏళ్ల లోపు వాళ్లకు విడిగా బహుమతులున్నాయి.

ఊళ్లో ఉన్న అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఒక మనవి. ఉత్తరం అందిందని ఫోనులో చెప్పి ఊరుకోకండి, కాగితం మీదే జవాబు రాయండి. పిల్లలు రాసిన దాంట్లోంచి ఒక సంగతి పట్టుకుని, ‘మరి పొగ తగ్గాక మొదట ఎక్కడికి ఆడుకోవడానికి వెళ్లావు?’ అని అడగండి. రెండో ఉత్తరం మొదలుపెట్టడానికి వాళ్లకు ఇక ఎవరి సాయమూ అక్కర్లేదు.